పల్స్ 104 దాటడం లేదు, బరువు తగ్గాలంటే ఎంత ఉండాలి?

టీచరమ్మ_తెనాలి (సోమవారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. నా వయసు 46, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 81 కిలోలు. హైస్కూల్లో సోషల్ చెప్తాను. మోకాళ్ళు నొప్పులు మొదలవడంతో ఈసారి గట్టిగా అనుకుని రెండు నెలల క్రితం నడక మొదలుపెట్టాను. తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో 45 నిమిషాలు. 400 మీటర్ల ట్రాక్ మీద 8 రౌండ్లు పడుతున్నాయి. మొదటి నెలలో కిలోన్నర తగ్గాను, ఆ తర్వాత కాటా కదలడం లేదు.

మా వీధి చివర జిమ్‌లో ట్రెయినర్‌ని అడిగితే, 220 లోంచి వయసు తీసెయ్యండి, 174 వస్తుంది, అందులో 70 నుంచి 85 శాతం, అంటే 122 నుంచి 148 మధ్య పల్స్ ఉండాలి, అంతకంటే తక్కువైతే నడిచినా నడవనట్టే అన్నాడు. మా అమ్మాయి వాచీ కొనిచ్చింది. ఎంత వేగంగా నడిచినా అందులో 104 దాటడం లేదు. అలాగని తేలిగ్గా ఉందా అంటే అదీ లేదు, ఏడో రౌండుకి ఆయాసం వచ్చేస్తోంది. పొద్దున్నే కూర్చుని చూసుకుంటే 60 ఉంటోంది. నేను చేసేది వృథాయేనా? 122కి ఎలా తీసుకెళ్ళాలి?

జిమ్_కుర్రాడు_వరంగల్ (సోమవారం, రాత్రి 9:05)

అక్కా, రెస్టింగ్ 60 అంటే చాలా మంచి గుండె మీది! అథ్లెట్లకి అలా ఉంటుంది. అందుకే మామూలు నడక మీకు సరిపోవడం లేదు. మధ్యమధ్యలో ఒక్కో నిమిషం జాగింగ్ పెట్టండి, రెండు నిమిషాలు నడవండి, మళ్ళీ జాగింగ్. పది సార్లు చేస్తే 130 దాటుతుంది. నేను అలాగే 11 కిలోలు తగ్గాను.

బీచ్‌రోడ్డు_విశాఖ (సోమవారం, రాత్రి 9:31)

టీచర్ గారూ, ముందు వాచీ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకోండి. వెనకాల పచ్చగా వెలిగే లైటు చర్మం కింద రక్తం ఎంత పారుతోందో చూసి లెక్క కడుతుంది. పట్టీ వదులుగా ఉంటే, చెమట పడితే, చెయ్యి బాగా ఊపితే తప్పు లెక్క వస్తుంది. నా పాత వాచీ అయితే అడుగుల్నే గుండె చప్పుడు అనుకునేది. నిమిషానికి 116 అడుగులు వేస్తే పల్స్ కూడా 116 అని చూపించేది, ఆగి నిలబడితే టక్కున 98కి పడిపోయేది. వారం రోజులు అదే నా పల్స్ అనుకుని సంతోషపడ్డాను.

మణికట్టు ఎముకకి రెండు వేళ్ళు పైకి జరిపి కాస్త బిగించి పెట్టండి. ఒకసారి ఆగి, రెండు వేళ్ళు మణికట్టు మీద బొటనవేలి వైపు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. బొటనవేలితో చూడకండి, దాని నాడి దానికే తగులుతుంది. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, నిమిషం ఆగితే తగ్గిపోతుంది.

లెక్కల_మాస్టారు (మంగళవారం, ఉదయం 5:50)

రిటైరయి ఆరేళ్ళయింది, షుగర్ వచ్చాక ఈ లెక్కలన్నీ కూర్చుని చదివాను. ఆ 220 సంగతి చెప్పాలి.

చాలామంది దాన్ని శాస్త్రం తేల్చిన సూత్రం అనుకుంటారు. 1971లో ఫాక్స్ అనే వైద్యుడు, ఆయన తోటివాళ్ళు అప్పటికి ఉన్న కొన్ని పరిశోధనల అంకెల్ని గ్రాఫ్ మీద పెట్టి, వాటి మధ్యగా సుమారుగా గీసిన గీత అది. ఒక మనిషికి గరిష్ఠం, అంటే గుండె నిమిషానికి ఎక్కువలో ఎక్కువ ఎన్నిసార్లు కొట్టుకోగలదో, చెప్పడానికి గీసింది కానే కాదు. 2001లో తనకా బృందం 351 అధ్యయనాలు, 18,712 మంది లెక్కలు కలిపి చూసి, 208 లోంచి వయసులో 0.7 వంతు తీసెయ్యమంది. మీకు 46 × 0.7 = 32, అంటే 176. మీ వయసుకి రెండూ దాదాపు కలుస్తాయి. అరవై దాటిన నాలాంటి వాళ్ళకి మాత్రం తేడా తెలుస్తుంది, పాత సూత్రం తక్కువ చూపిస్తుంది.

ఇంకో మాట. ఏ సూత్రమైనా సగటు చెబుతుంది. ఒకే వయసు వాళ్ళలో పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉండడం మామూలు, అంతకంటే ఎక్కువ తేడా ఉన్నవాళ్ళూ ఉంటారు. 174 అంటే మీది 162 కావచ్చు, 186 కావచ్చు. ఆ తేడా మీద మళ్ళీ 70 శాతం తీస్తే వచ్చే అంకెని ఒక్క బీటు కూడా తగ్గకుండా పట్టుకోమనడం న్యాయం కాదు.

నాకు నచ్చిన పద్ధతి కార్వొనెన్‌ది. ఫిన్లండ్ ఆయన, 1957 నాటి మాట. కూర్చున్నప్పటి పల్స్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. గరిష్ఠం లోంచి విశ్రాంతి పల్స్ తీసేస్తే మిగిలేది గుండె చేతిలో ఉన్న నిల్వ. మీకు 176 − 60 = 116. మధ్యరకం వ్యాయామానికి అందులో 40 నుంచి 59 శాతం తీసి, మళ్ళీ 60 కలపాలి. 106 నుంచి 128 వచ్చింది. అంటే మీరు గీతకి రెండు బీట్ల దూరంలోనే ఉన్నారు. వృథా అనే మాట తీసెయ్యండి.

డాలస్_నుంచి (మంగళవారం, ఉదయం 8:15)

మాస్టారు గారి లెక్కకి చిన్న చేర్పు. ఆడవాళ్ళ మీద ప్రత్యేకంగా షికాగోలో 5,437 మందితో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. అందులో సూత్రం 206 లోంచి వయసులో 0.88 వంతు తీసెయ్యడం. టీచర్ గారికి గరిష్ఠం 165 లేదా 166 అవుతుంది. దాన్ని కార్వొనెన్ లెక్కలో పెడితే 102 నుంచి 122 వస్తుంది. 104 అందులోనే ఉంది! నాకు 41 ఏళ్ళు, నేనూ చాలాకాలం 220 లెక్కతో పరిగెత్తి ప్రతిసారీ అలసిపోయి మానేసేదాన్ని. ఈ లెక్కకి మారాక మానేయడం ఆగింది.

ఛాతీకి కట్టుకునే పట్టీ దొరికితే వాడండి. అది గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి వాచీ కంటే నమ్మకం.

జిమ్_కుర్రాడు_వరంగల్ (మంగళవారం, ఉదయం 9:20)

లెక్కలు సరే మాస్టారూ, కానీ బరువు తగ్గాలంటే ఫ్యాట్ బర్న్ జోన్‌లో, అంటే కొవ్వు ఎక్కువ కరిగే తక్కువ పల్స్‌లో ఉండాలి కదా. ట్రెడ్‌మిల్ మీదే రాసి ఉంటుంది.

లెక్కల_మాస్టారు (మంగళవారం, ఉదయం 11:02)

రాసి ఉంటుంది బాబూ, అబద్ధం కూడా కాదు. కానీ ఆ మాటని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

నెమ్మదిగా నడిచేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా ఎక్కువ. వేగం పెరిగే కొద్దీ కార్బోహైడ్రేట్ల వాటా పెరుగుతుంది. లెక్క కోసం అంకెలు వేసుకుందాం. అరగంట నెమ్మది నడకలో 140 కేలరీలు ఖర్చయి, అందులో 60 శాతం కొవ్వు నుంచి వచ్చిందనుకో, 84. అదే అరగంట జోరుగా నడిస్తే 200 ఖర్చయి, 45 శాతం కొవ్వు నుంచి వచ్చిందనుకో, 90. వాటా తగ్గినా మొత్తం తగ్గలేదు. అసలు ఆ అరగంటలో ఏది కరిగిందన్నది కాదు కాటా చూసేది. తిన్నదాని కంటే ఖర్చు రోజూ కాస్త ఎక్కువైతే, మిగతా ఇరవై మూడున్నర గంటల్లోనూ శరీరం నిల్వ ఉన్న కొవ్వు మీద చెయ్యి వేస్తుంది.

80 కిలోల మనిషి గంట సేపు మామూలు జోరుతో నడిస్తే సుమారు 280 కేలరీలు. ఆ గంట కుర్చీలో కూర్చున్నా 80 ఖర్చయ్యేవే. నడక తెచ్చిపెట్టింది 200. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700. అందుకే నడక ఒక్కదానితో కాటా కదలదు, రాత్రి అన్నం కూడా చూసుకోవాలి.

కొండమెట్లు (మంగళవారం, మధ్యాహ్నం 1:40)

మాది తిరుపతి. నెలకోసారి అలిపిరి దారిలో ఎక్కుతాను, 3,550 మెట్లు. మొదట్లో తలెత్తకుండా ఎక్కేసి మోకాళ్ళ పర్వతం దగ్గర వాచీ చూసుకుంటే 171. చెమటతో చొక్కా పిండితే నీళ్ళు. ఇప్పుడు 140 దగ్గర పడగానే గోవింద నామం చెప్పుకుంటూ మెట్టు మీద నిలబడిపోతాను, 115కి దిగాక మళ్ళీ కదులుతాను. పైకి చేరడానికి ముప్పావు గంట ఎక్కువ పడుతోంది గానీ మర్నాడు కాళ్ళు పట్టేయడం లేదు.

ఎండాకాలం అదే మెట్టుకి అదే వేగంతో పది బీట్లు ఎక్కువ ఉంటుంది నాకు. చర్మాన్ని చల్లబరచడానికి కూడా గుండె రక్తం పంపాలి కదా. మే నెలలో చలికాలపు అంకె కోసం చూసుకోకండి.

టీచరమ్మ_తెనాలి (బుధవారం, ఉదయం 7:35)

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ జరిగింది రాస్తున్నాను.

వాచీ బిగించాను. వేళ్ళతో కూడా లెక్కపెట్టాను, 15 సెకన్లకి 26, అంటే 104. వాచీ సరిగ్గానే ఉంది. తమ్ముడు చెప్పినట్టు మూడో రౌండు నుంచి నిమిషం జాగింగ్ పెట్టాను. నాలుగోసారికి 109 వచ్చింది. 120 చూడాలనే పట్టుదలతో అయిదోసారి ఆపకుండా రెండు నిమిషాలు పరిగెత్తాను. చూపు అంచుల నుంచి మసకబారుతూ వచ్చింది. గోల్‌పోస్ట్ పట్టుకుని నిలబడ్డాను. అరచేతులు చల్లగా అయిపోయాయి. నాతో నడిచే పక్కింటి పిన్నిగారు కూర్చోబెట్టి నీళ్ళు తాగించారు. ఐదు నిమిషాలకి సర్దుకుంది. అప్పుడు కూడా వాచీలో 111 మాత్రమే ఉంది. ఊపిరి అంత ఆడకపోతే పల్స్ ఎందుకు పెరగలేదో నాకు అర్థం కావడం లేదు. భయంగా ఉంది.

ఫిజియో_కాకినాడ (బుధవారం, ఉదయం 8:10)

మేడం, ముందు జాగింగ్ ఆపేయండి. డాక్టర్‌ని కలిసేదాకా మామూలుగా అటూ ఇటూ తిరగండి, అంతే. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, మళ్ళీ కళ్ళు తిరగడం ఉంటే ఇక్కడ రాయకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి.

ఇక నా ప్రశ్న. మీరు రోజూ ఏమైనా మాత్రలు వేసుకుంటున్నారా? బీపీ, గుండె, థైరాయిడ్ అనే కాదు, దేనికైనా సరే. ఎక్కువ వ్యాయామం అలవాటు లేని, 81 కిలోల బరువున్న మనిషికి కూర్చున్నప్పుడు 60 ఉండి, కళ్ళు మసకబారేంత శ్రమలో 111 దగ్గర ఆగిపోయిందంటే నాకు మొదట గుర్తొచ్చేది మాత్రే.

టీచరమ్మ_తెనాలి (బుధవారం, సాయంత్రం 5:20)

స్కూల్ నుంచి ఇప్పుడే వచ్చాను. బీపీ లేదు, షుగర్ లేదు. మూడేళ్ళ నుంచి మైగ్రేన్‌కి రోజూ పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటాను. ప్రొప్రనలాల్ 40 అని ఉంది. తలనొప్పి మాత్రకి గుండెతో సంబంధం ఉంటుందని నాకు తెలియదు.

ఫిజియో_కాకినాడ (బుధవారం, సాయంత్రం 6:45)

అదే మేడం. ఇప్పుడు అన్నీ కలుస్తున్నాయి.

ప్రొప్రనలాల్, మెటొప్రొలాల్, అటెనొలాల్ లాంటివాటిని బీటా బ్లాకర్లు అంటారు. అడ్రినలిన్ వచ్చి గుండెని తొందరపెట్టే చోట ఇవి అడ్డంగా కూర్చుంటాయి. అందుకే కూర్చున్నప్పుడు పల్స్ తగ్గుతుంది, శ్రమపడినప్పుడు పెరగాల్సినంత పెరగదు. మైగ్రేన్ రాకుండా, చేతుల వణుకు తగ్గడానికి, కొందరికి టెన్షన్‌కి కూడా ఇస్తారు. కాబట్టి వేసుకునేవాళ్ళకి ఇది గుండె మీద పనిచేసే మందని గుర్తుండదు. డిల్టియాజెమ్, వెరాపమిల్ కూడా పల్స్ తగ్గిస్తాయి. బీపీకి ఎక్కువగా వాడే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ ఈ కోవలోకి రావు.

అంటే 220 సూత్రం గానీ, తనకాది గానీ, ఆడవాళ్ళ సూత్రం గానీ మీకు వర్తించవు. అవన్నీ ఈ మందు లేని గుండె కోసం కట్టినవి. మీకు 104 అంటే మందు లేని మనిషి 125 దగ్గర పడే శ్రమ కావచ్చు, ఇంకా ఎక్కువే కావచ్చు. ఎంత అన్నది ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు. మీరు రెండు నెలలుగా సరైన శ్రమే చేస్తున్నారు. దాన్ని 122కి లాగబోతే జరిగింది ఇవాళ మీరు చూశారు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: పల్స్ పెరగాలని ఆ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం, బీపీ ఎదురు తిరిగి పెరుగుతాయి, కొందరికి ఛాతీ నొప్పి వస్తుంది. తగ్గించాలన్నా, మార్చాలన్నా రాసిన డాక్టరే మెల్లగా చేయాలి. ఈ రకం మందుల మీద కొందరు కిలో, రెండు కిలోలు పెరగడం కూడా తెలిసిన విషయమే, ఆ సంగతి కూడా అడగండి. రక్తహీనత పరీక్ష కూడా చేయించుకోండి. మన దగ్గర ఆడవాళ్ళలో సగానికి పైగా ఉంది, ఆయాసానికి అదీ ఒక కారణం.

జిమ్_కుర్రాడు_వరంగల్ (బుధవారం, రాత్రి 7:30)

అక్కా, క్షమించండి. మందుల గురించి అడగకుండా జాగింగ్ చెప్పాను. 60 చూసి మంచి గుండె అనేశాను. ఇకమీదట ఎవరికి చెప్పినా ముందు అది అడుగుతాను. మా అమ్మ బీపీ మాత్రల డబ్బా ఇప్పుడే తీసి చూశాను, అందులో మెటొప్రొలాల్ ఉంది. ఆవిడకి నేను పెట్టిన టార్గెట్ 130.

టీచరమ్మ_తెనాలి (బుధవారం, రాత్రి 7:52)

తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పావు. మాత్ర సంగతి మొదటే రాయాల్సింది నేను. అమ్మగారి టార్గెట్ మాత్రం ఈ రాత్రికే మార్చెయ్యి.

స్టెంట్_తర్వాత (గురువారం, ఉదయం 6:15)

నాకు 58. స్టెంట్ వేసి నాలుగేళ్ళయింది, మెటొప్రొలాల్ మీదే ఉన్నాను. నాకు అంకె కావాలని పట్టుబడితే మా కార్డియాలజిస్టు టీఎంటీ చేయించారు. ట్రెడ్‌మిల్ మీద మూడు నిమిషాలకోసారి వేగమూ, ఏటవాలూ పెంచుతూ ఈసీజీ చూస్తారు. మాత్ర మానకుండా, రోజూలాగే వేసుకుని వెళ్ళమన్నారు. నేను రోజూ నడిచేది ఆ మాత్రతోనే కదా, దాంతో వచ్చిన గరిష్ఠమే నాకు పనికొచ్చేది అన్నారు. దాని మీద లెక్క కట్టి 96 నుంచి 112 మధ్య నడవమన్నారు. ఇది నాది, ఇంకెవరూ తీసుకోకండి.

మాత్ర వేసుకున్న గంటన్నరకి ఒక అంకె, పది గంటల తర్వాత ఇంకో అంకె ఉంటుంది. నేను రోజూ ఒకే టైముకి నడుస్తాను.

ఫిజియో_కాకినాడ (గురువారం, ఉదయం 9:00)

పైన అన్నయ్యగారు చెప్పింది సరైన దారి. టీఎంటీ అవసరమో కాదో డాక్టర్ తేలుస్తారు. అప్పటిదాకా, ఆ తర్వాత కూడా, మేడంకి రెండు కొలతలు చాలు.

ఒకటి బోర్గ్ స్కేలు. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ తయారుచేశారు. 6 నుంచి 20 దాకా ఉంటుంది. 6 అంటే కూర్చున్నట్టే, 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా పడదు. 12, 13 దగ్గర ఉండాలి, కొంచెం కష్టంగా ఉంది గానీ ఇంకాసేపు సాగించగలను అనిపించే చోటు. 6 నుంచి ఎందుకంటే, మందు లేని ఆరోగ్యవంతుడిలో ఆ అంకెని పదితో హెచ్చిస్తే సుమారుగా పల్స్ వస్తుందని. మీకు ఆ హెచ్చవేత వద్దు, అంకె వరకే తీసుకోండి.

రెండోది మాట. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి. రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే జోరు ఎక్కువైనట్టు.

లెక్కల_మాస్టారు (గురువారం, ఉదయం 10:25)

మాటతో కొలవడానికి నేను పదమూడో ఎక్కం వాడతాను టీచర్ గారూ. పైకి వినపడేలా చెప్పాలి. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు, పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది. ఒక్కో ఊపిరికి ఒక్కో వరుస తెగకుండా వస్తుంటే వేగం సరిపోయింది. రెండు మూడు వరుసలు ఒకే ఊపిరిలో వచ్చేస్తుంటే కాస్త జోరు పెంచొచ్చు. "పదమూడు ఆర్లు" దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని "డెబ్బై ఎనిమిది" అనాల్సి వస్తే తగ్గించాలి. రెండో ఎక్కం వద్దు, నోటికి మరీ అలవాటు.

టీచరమ్మ_తెనాలి (శనివారం, రాత్రి 9:10)

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.8 ఉంది, ఐరన్ మాత్రలు రాశారు. మైగ్రేన్ మాత్ర ఇప్పుడే మార్చొద్దు, మూడు నెలలు చూసి మెల్లగా తగ్గిద్దాం అన్నారు. నడకకి అడ్డు లేదు, జాగింగ్ మాత్రం వద్దన్నారు. 122 గురించి అడిగితే ఆవిడ కూడా ఆ అంకె మర్చిపొమ్మన్నారు.

నిర్వాహకుడు (ఆదివారం, ఉదయం 8:00)

ఈ చర్చ చదివి మోతాదులు అడుగుతూ కొందరు రాశారు, ఆ సందేశాలు తీసేశాం. మాత్రల మోతాదు ఇక్కడ చెప్పం. పల్స్ గురించి అడిగేవాళ్ళు వయసు, విశ్రాంతి పల్స్‌తో పాటు రోజూ వాడే మందుల పేర్లూ రాయండి.

టీచరమ్మ_తెనాలి (8 వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 7:15)

చాలామంది అడుగుతున్నారని రాస్తున్నాను. బరువు 78.4. నడుము కొలత 98 సెంటీమీటర్ల నుంచి 94కి వచ్చింది. రాత్రి అన్నం సగం చేశాను, ఆ సగం చోట ఆకుకూర పప్పు పెట్టాను. స్కూల్లో సాయంత్రం టీతో తినే పునుగులు మానేశాను, అది అన్నిటికంటే కష్టమైంది.

పల్స్ ఇప్పటికీ 100, 104 దగ్గరే ఉంటోంది. అదే 45 నిమిషాల్లో 8 రౌండ్లకి బదులు 10 తిరుగుతున్నాను. హిమోగ్లోబిన్ 11.1కి వచ్చింది, ఏడో రౌండు ఆయాసం దానితోనే పోయిందేమో కూడా. వాచీలో టార్గెట్ మోగడం ఆపేయించాను, టైము చూసుకోవడానికి పెట్టుకుంటున్నాను.

మొదట్లో పదమూడు ఆర్ల దగ్గర తెగిపోయేదాన్ని. ఇప్పుడు ఆఖరి రౌండులో కూడా పదమూడు పదులు నూట ముప్పై దాకా వస్తోంది. పక్కింటి పిన్నిగారు పదిహేడో ఎక్కం మొదలుపెడదామంటున్నారు.

లెక్కల_మాస్టారు (ఆదివారం, ఉదయం 7:40)

పదిహేడు వద్దమ్మా, ముందు పద్నాలుగు.